ఆకాశ మార్గాలకూ చాటింపు ఉంది!

విమానం కదిలే ముందు పైలట్లు చదివే ప్రకటనలు - ఒక్క వాక్యం దాటిపోయినా ముప్పే

సూళ్లూరుపేట: వాగు మీద వంతెన మరమ్మతులో ఉంటే ‘‘ఎల్లుండి పొద్దుగూకే దాకా బండ్లు ఈ దారిన రాకూడదహో’’ అని తలారి డప్పు కొట్టి చాటింపు వేసే రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. విన్నవాడు చుట్టుదారి పట్టేవాడు. విననివాడు వాగు దాకా పోయి వెనక్కు తిరిగేవాడు. నేల మీద బండికి ఆ వెసులుబాటు ఉన్నది. గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన వేగంతో, లెక్కగట్టి పోసిన ఇంధనంతో పోయే విమానానికి అది అంత సులువు కాదు. అందుకే ఆకాశ మార్గాలకు కూడా ఒక చాటింపు ఏర్పాటు చేశారు. దాని పేరు ‘నోటామ్’. వైమానికులకు ప్రకటన అని అర్థం.

ఈ చాటింపుతో మన తీరానికి దగ్గరి సంబంధం ఉన్నది. 1971 అక్టోబరు 9న ఒక చిన్న రోహిణి రాకెట్టు ఎగరడంతో శ్రీహరికోట కేంద్రం పని మొదలయింది. రాకెట్టు ఎగిరే రోజున పులికాట్ చుట్టుపట్ల కుప్పాల వారిని పడవలు సముద్రంలోకి దింపవద్దంటారు. దారుల మీద పోలీసులు నిలబడతారు. ఇవి మన కంటికి కనిపించే ఏర్పాట్లు. కనిపించని ఏర్పాటు మరొకటి ఉన్నది. బంగాళాఖాతం మీదుగా పోయే విమానాలన్నింటికీ ‘‘ఫలానా రోజు, ఫలానా వేళ, ఈ దారిన రావద్దు’’ అని ముందుగానే తాఖీదు వెళుతుంది. మన వాకిట్లో ఎగిరే రాకెట్టు కోసం సింగపూర్ నుంచో, దుబాయి నుంచో బయలుదేరే పైలట్ తన దారి మార్చుకుంటాడు.

ఆ ప్రకటనను పైలట్లు ఎలా చదువుతారు? అందులో దారి సంగతి ఎలా తెలుసుకుంటారు? తప్పు చదివితే ఏమవుతుంది? విమానం ఎక్కే ప్రతి ప్రయాణికుడికీ, పైలట్ కావాలని కలలు కనే ప్రతి విద్యార్థికీ పనికి వచ్చే సంగతులివి.

చాటింపు వేసేదెవరు?

మన దేశంలో నోటామ్‌లు వెలువరించే బాధ్యత భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థది. దేశం మీది ఆకాశాన్ని ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై అని నాలుగు పెద్ద మండలాలుగా విభజించారు. హైదరాబాద్, విజయవాడ, తిరుపతి విమానాశ్రయాలు చెన్నై మండలం కిందికి వస్తాయి. ప్రకటన ఏ రూపంలో ఉండాలన్నది మాత్రం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్ణయించింది. అందువల్ల చెన్నైలో రాసిన ప్రకటనను టోక్యోలో ఉన్న పైలట్ కూడా ఇట్టే పోల్చుకోగలడు.

ప్రకటనలో ఏముంటుంది? రన్‌వే మరమ్మతు కోసం మూసినా, రన్‌వే దీపాలు వెలగకపోయినా, విమానాశ్రయం దగ్గర కొత్తగా పొడవాటి క్రేన్ లేచినా, దారి చూపే రేడియో పరికరం చెడిపోయినా, సైన్యం కాల్పుల అభ్యాసం పెట్టుకున్నా, క్షిపణి పరీక్ష జరగనున్నా, ఆ సంగతి నోటామ్‌గా వెలువడుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, అచ్చయిన పటాల్లో లేని కొత్త సంగతి ఏదైనా సరే, విమానం భద్రతకు తగిలేదయితే అది నోటామ్‌లోకి ఎక్కవలసిందే.

చూడబోతే చిక్కుముడి

నోటామ్‌ను మొదటిసారి చూసినవారికి అది పాతకాలపు తంతి భాషలా కనిపిస్తుంది. అలా కనిపించడంలో వింత లేదు. అక్షరం అక్షరానికీ ఖర్చు అయ్యే టెలిప్రింటర్ల రోజుల్లో అలవాటయిన పొట్టి మాటలే నేటికీ నడుస్తున్నాయి. ‘సీఎల్‌ఎస్‌డీ’ అంటే మూసివేశారు అని. ‘ఏవీబీఎల్’ అంటే అందుబాటులో ఉన్నది అని. ‘యూ/ఎస్’ అన్నది అమెరికా పేరు కాదు. ఆ పరికరం పనిచేయడం లేదని చెప్పడం. ‘డబ్ల్యూఐపీ’ అంటే పనులు జరుగుతున్నవి అని.

చిక్కుగా కనిపించినా ప్రకటన కట్టుబడి మాత్రం చక్కనిది. ఒక నమూనా ఊహించుకుందాం. ఇది పాఠకులకు తెలియడం కోసం మేము కూర్చినదే తప్ప వెలువడిన ప్రకటన కాదు.

క్యూ) వీఓఎంఎఫ్/క్యూఆర్‌డీసీఏ/ఐవీ/బీఓ/డబ్ల్యూ/000/999/1343ఎన్08014ఈ010
ఏ) వీఓఎంఎఫ్
బీ) 2611101900
సీ) 2611102300
ఈ) రాకెట్ ప్రయోగం - ప్రమాద ప్రాంతం
ఎఫ్) ఎస్‌ఎఫ్‌సీ
జీ) యూఎన్‌ఎల్

మొదటి గీతను క్యూ గీత అంటారు. ఇది మొత్తం ప్రకటనకు పొట్లం మీది చీటీ వంటిది. ‘వీఓఎంఎఫ్’ అంటే చెన్నై గగనతల మండలం. తర్వాతి ఐదక్షరాల సంకేతం ఎప్పుడూ క్యూతోనే మొదలవుతుంది. నడిమి రెండక్షరాలు దేని గురించో చెబుతాయి, చివరి రెండక్షరాలు దానికి ఏమయిందో చెబుతాయి. ‘ఆర్‌డీ’ అంటే ప్రమాద ప్రాంతం, ‘సీఏ’ అంటే అది అమల్లోకి వచ్చిందని. ఇదే పద్ధతిలో ‘ఎంఆర్’ అంటే రన్‌వే, ‘ఎల్‌సీ’ అంటే మూసివేత. కనుక ‘క్యూఎంఆర్‌ఎల్‌సీ’ అని కనిపిస్తే రన్‌వే మూశారని పైలట్‌కు మిగతాది చదవకముందే తెలిసిపోతుంది.

‘ఐవీ’ అంటే పరికరాలను నమ్ముకొని ఎగిరేవారికీ, కంటిచూపుతో ఎగిరేవారికీ కూడా వర్తిస్తుందని. చివరి అంకెలు పటం మీద చోటు చూపుతాయి. ఉత్తర అక్షాంశం 13 డిగ్రీల 43 నిమిషాలు, తూర్పు రేఖాంశం 80 డిగ్రీల 14 నిమిషాలు. అంటే మన శ్రీహరికోటే. దాని వెనుక ఉన్న 010 అన్నది ఆ చోటు చుట్టూ 10 నాటికల్ మైళ్ల వ్యాసార్థం. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు గనుక అది సుమారు 18 కిలోమీటర్ల పైచిలుకు.

మిగిలినవి తేలికే. ‘బీ’ ఎప్పటి నుంచి, ‘సీ’ ఎప్పటి దాకా, ‘ఈ’ అసలు విషయం, ‘ఎఫ్’ కింది ఎత్తు, ‘జీ’ పై ఎత్తు. ‘ఎస్‌ఎఫ్‌సీ’ అంటే నేల లేదా నీటి మట్టం నుంచి. ‘యూఎన్‌ఎల్’ అంటే పైకి హద్దు లేదు అని.

ఇదంతా అక్షరాలు గుర్తుపట్టడం. అసలు చదువు ఇక్కడి నుంచే మొదలవుతుంది. ప్రతి ప్రకటన దగ్గరా పైలట్ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది నా వేళకు తగులుతుందా? నా దారికి తగులుతుందా? నా ఎత్తుకు తగులుతుందా? మూడింటికీ జవాబు దొరికే దాకా ఆ కాగితం పక్కన పెట్టకూడదు.

వేళ: ఐదూ ఇరవై తొమ్మిది మర్మం

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ తర్వాత ఉత్తర, పశ్చిమ భారతంలో శ్రీనగర్, జమ్ము, అమృత్‌సర్ మొదలు జోధ్‌పూర్, భుజ్ దాకా 32 విమానాశ్రయాలను పౌర విమానాలకు మూసివేసిన సంగతి పాఠకులకు తెలిసినదే. మే 15 తెల్లవారుజామున 5 గంటల 29 నిమిషాల దాకా మూసివేత అని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఐదున్నర అనకుండా ఈ 5.29 ఏమిటని చాలామంది ఆశ్చర్యపోయారు.

మర్మమేమీ లేదు. నోటామ్‌లో వేళను మన గడియారం ప్రకారం రాయరు. ప్రపంచమంతటికీ ఒకటే అయిన సార్వత్రిక కాలమానంలో రాస్తారు. మన గడియారం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఆ ప్రకటనలో ఉన్నది మే 14వ తేదీ 23 గంటల 59 నిమిషాలు. అంటే ఆ కాలమానంలో ఆ రోజు ముగిసే ఆఖరి నిమిషం. దానికి ఐదున్నర గంటలు కలిపితే మనకు మర్నాడు 5.29 అవుతుంది.

ఈ కూడిక చిన్నపిల్లలది. కాని ఇందులో తేదీ మారిపోయే తిరకాసు ఉన్నది. పైన చెప్పిన నమూనా చూడండి. 2611101900 అంటే 2026 నవంబరు 10, 19 గంటలు. మన లెక్కలో అది 10వ తేదీ రాత్రి 7 గంటలు కాదు, 11వ తేదీ అర్ధరాత్రి దాటి 12.30. ముగింపు తెల్లవారుజామున 4.30. తేదీ చూసి ‘‘పదో తేదీ గదా, నా ప్రయాణం పదకొండున’’ అని తీసిపారేసిన పైలట్ సరిగ్గా రాకెట్టు వేళకు అక్కడ ఉంటాడు.

మరో మెలిక ఉన్నది. ముగింపు వేళ పక్కన ‘ఈఎస్‌టీ’ అని ఉంటే అది అంచనా మాత్రమే. ఆ వేళ దాటినంత మాత్రాన ప్రకటన దానంతట అది చెల్లిపోదు. రద్దు చేస్తూనో, బదులు వేస్తూనో మరో ప్రకటన రావాలి. కొత్త ప్రకటనను ‘ఎన్’ అనీ, పాతదానికి బదులు వచ్చినదాన్ని ‘ఆర్’ అనీ, రద్దు చేసేదాన్ని ‘సీ’ అనీ గుర్తిస్తారు. ఆ 32 విమానాశ్రయాల సంగతే తీసుకుంటే, 15 దాకా మూసివేత అన్నవాటిని మే 12వ తేదీనే తెరిచారు. నిన్నటి కాగితం నేటికి చెల్లకపోవచ్చునని దీన్నిబట్టి తెలుస్తున్నది. అందుకే ముందురోజు రాత్రి చదివినా, బయలుదేరే ముందు మళ్లీ తాజా ప్రకటనలు చూడక తప్పదు.

దారి: పటం మీద పెడితేనే తెలుస్తుంది

ఆకాశంలో దారులకూ పేర్లున్నాయి. బంగాళాఖాతాన్ని దాటి మలేసియా వైపు పోయే ‘ఎన్ 571’ అటువంటిది. దారి మీద మైలురాళ్ల వంటి బిందువులు ఉంటాయి. వాటికి ‘ఇగోగు’ వంటి ఐదక్షరాల ఇంగ్లీషు పేర్లు పెడతారు. ఆ పేర్లకు అర్థం వెతకనక్కరలేదు. రేడియోలో పలికితే మరో పేరుతో పొరబడకుండా ఉంటే చాలు.

రాకెట్టు ప్రయోగానికి సంబంధించిన ప్రకటనలో దారి సంగతి రెండు విధాలుగా వస్తుంది. ఒకటి, ప్రమాద ప్రాంతాల సరిహద్దులు. ప్రయోగ వేదిక చుట్టూ ఒక వృత్తం, రాకెట్టు విడిచిపెట్టే ఖాళీ దశలు సముద్రంలో పడే చోట్ల అక్షాంశ రేఖాంశాలతో గీసిన చట్రాలు. రెండు, ఫలానా బిందువు నుంచి ఫలానా బిందువు దాకా ఫలానా దారి అందుబాటులో ఉండదనీ, దానికి బదులు ఇటునుంచి పోవాలనీ చెప్పే వరుస.

ఇక్కడే కొత్తవారు బోల్తా పడతారు. దారి పేరు కనిపించగానే ‘‘నాది ఆ దారి కాదు’’ అనుకుంటారు. కాని తన దారి పేరు ప్రకటనలో లేకపోయినా, చట్రం మూల ఒకటి తన దారి మీద పడి ఉండవచ్చు. లేదా దారి మొత్తం కాకుండా రెండు బిందువుల మధ్య ముక్క మాత్రమే మూసి ఉండవచ్చు. అంకెలను పటం మీద పెట్టి గీత గీసుకుంటే తప్ప ఇది తేలదు. ఇప్పుడు కాక్‌పిట్‌లో వాడే టాబ్లెట్‌లలో ఆ గీత దానంతట అదే పడే ఏర్పాట్లు వచ్చినా, పడిన గీత సరైనదో కాదో చూసుకోవలసింది మనిషే.

పైగా ప్రయోగం అనుకున్న రోజే జరుగుతుందన్న హామీ లేదు. అందుకని ముందు కొన్ని రోజుల వ్యవధి ప్రకటించి, అసలు తేదీ, వేళ కనీసం ఒక రోజు ముందు మరో నోటామ్‌లో చెప్పడం పరిపాటి. మొదటిది చదివి రెండోది చూడనివాడికి సగమే తెలిసినట్టు.

చుట్టుదారి అంటే కేవలం పటం మీద గీత మార్చడం కాదు. దూరం పెరిగితే ఇంధనం పెరగాలి. ఇంధనం పెరిగితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే సరుకో, ప్రయాణికులో తగ్గాలి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసివేసింది. అదే నెల 30న మన ప్రభుత్వం పాకిస్తాన్ విమానాలకు మూసివేసింది. ఆ తర్వాత నెలనెలా కొత్త ప్రకటనలతో పొడిగిస్తూ వచ్చారు. ఢిల్లీ నుంచి ఐరోపాకు, అమెరికాకు పోయే విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగవలసి వచ్చింది. కొన్ని మధ్యలో ఇంధనం కోసం దిగవలసి వచ్చింది. ఇంత తతంగానికీ మూలం కొద్ది వాక్యాల నోటామ్.

అటువంటి చట్రాలు గీయడం అతి జాగ్రత్త అనుకునేవారు 2025 జనవరి 16 నాటి సంఘటన గుర్తుచేసుకోవాలి. అమెరికాలో ఎగిరిన స్టార్‌షిప్ రాకెట్టు పేలిపోయి దాని తునకలు కరీబియన్ దీవుల వైపు రాలాయి. ఆ దారిన ఉన్న కొన్ని విమానాలను గాలిలోనే నిలిపి ఉంచారు, కొన్నింటిని దారి మళ్లించారు.

ఎత్తు: వెయ్యి అడుగుల తేడా

మూడో ప్రశ్న ఎత్తు. నోటామ్‌లో ఎత్తును వందల అడుగుల లెక్కన రాస్తారు. 320 అంటే 32,000 అడుగులు.

2014 జూలై 17న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కౌలాలంపూర్ పోతున్న మలేసియా ఎయిర్‌లైన్స్ ఎంహెచ్ 17 విమానం తూర్పు ఉక్రెయిన్ మీద క్షిపణి దెబ్బకు కూలిపోయింది. అందులోని 298 మందీ చనిపోయారు. అక్కడ నేల మీద యుద్ధం జరుగుతున్నది. ఉక్రెయిన్ అధికారులు జూన్ 6న 26,000 అడుగుల దిగువన, జూలై 14న 32,000 అడుగుల దిగువన పౌర విమానాలు పోరాదని నోటామ్‌లు వెలువరించారు. ఎంహెచ్ 17 పోతున్నది 33,000 అడుగుల ఎత్తున. ప్రకటన ప్రకారం ఆ విమానం చేసిన తప్పేమీ లేదు. ఆ రోజు ఆకాశం మూసేదాకా 160 విమానాలు ఆ ప్రాంతం మీదుగా పోయాయి.

ఆ ప్రాంతాన్ని ముందు జాగ్రత్తగా పూర్తిగా మూసివేయడానికి తగినంత కారణం ఉండెనని 2015 అక్టోబరులో డచ్ భద్రతా మండలి తన నివేదికలో తేల్చింది. దీనివల్ల ప్రపంచం నేర్చుకున్న పాఠం ఒకటి ఉన్నది. ‘‘ఇంత ఎత్తు దాకా వద్దు’’ అన్న ప్రకటనను ‘‘అంతకు పైన భయం లేదు’’ అని చదువుకోరాదు. ఎందుకు వద్దన్నారు, ఆరు వారాల్లోగా ఆ హద్దు 26 వేల నుంచి 32 వేలకు ఎందుకు పెరిగింది అని కూడా అడగాలి. ప్రకటన చెప్పిన మాట ఒక ఎత్తు, చెప్పకుండా సూచించిన మాట మరో ఎత్తు.

ఇరవై ఏడు పేజీలలో ఎనిమిదో పేజీ

ఇంత వివరంగా ఉన్న ప్రకటనలు దాటిపోవడం ఎలా జరుగుతుందని పాఠకులు అడగవచ్చు. జవాబు చిన్నదే. అవి మరీ ఎక్కువ. ఒక దూర ప్రయాణానికి పైలట్ చేతికి వచ్చే కట్టలో ఏనాటి నుంచో ఉన్న చిన్న దీపం చెడిన సంగతీ, ఈ రాత్రి రన్‌వే మూసిన సంగతీ ఒకే రకం అక్షరాల్లో పక్కపక్కనే ఉంటాయి. గడ్డివాములో సూది వెతకడమే.

2017 జూలై 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు ఘోరమే జరగబోయింది. టొరంటో నుంచి వచ్చిన ఎయిర్ కెనడా విమానం అర్ధరాత్రికి నాలుగు నిమిషాల ముందు దిగబోతున్నది. అక్కడ జంట రన్‌వేలలో ఎడమదాన్ని రాత్రి 11 గంటల నుంచి మూసివేసి దీపాలు ఆర్పేశారు. ఆ సంగతి నోటామ్‌లో ఉన్నది. పైలట్ల చేతిలో ఉన్న 27 పేజీల కట్టలో అది ఎనిమిదో పేజీలో ఉన్నది. ఆ ఒక్క సంగతి మనసులో నిలవలేదు. వెలుగుతున్న రన్‌వేను చూసి ఎడమదనుకున్నారు. దాని కుడిపక్కన ఉన్న టాక్సీవేను చూసి తాము దిగవలసిన రన్‌వే అనుకున్నారు. ఆ టాక్సీవే మీద నాలుగు విమానాలు ప్రయాణికులతో నిండి బారులు తీరి ఉన్నాయి. ఎయిర్ కెనడా విమానం సుమారు 60 అడుగుల ఎత్తు దాకా దిగివచ్చి, ఆఖరి ఘడియలో పైకి లేచింది. 140 మందితో వచ్చిన ఆ విమానం కింద ఉన్నవాటి మీద పడి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది.

దర్యాప్తు జరిపిన అమెరికా రవాణా భద్రతా మండలి 2018లో ఇచ్చిన నివేదికలో, పైలట్లు నోటామ్‌ను సరిగా పరిశీలించకపోవడాన్ని కారణాలలో ఒకటిగా చూపింది. అంతటితో ఆగక, ముఖ్యమైనది ముందుకు వచ్చేలా ఈ సమాచారాన్ని మెరుగైన పద్ధతిలో ఇవ్వాలని కూడా కోరింది. తప్పు చదివినవారిదొక్కటే కాదు, చదవలేనంతగా పోగు పోసినవారిది కూడా అన్నమాట.

మామూలుగా ఒక నోటామ్ మూడు నెలలకు మించి ఉండరాదన్నది నియమం. అంతకు మించి కొనసాగే సంగతులను వేరే ప్రచురణల్లోకి మార్చాలి. ఆచరణలో అది అన్నిచోట్లా జరగకపోవడం వల్లనే కట్టలు పెరుగుతున్నాయి.

అందుకే అనుభవజ్ఞులు ఒక వరుస పాటిస్తారు. మొదట బయలుదేరే చోటు, తర్వాత దిగే చోటు, ఆ తర్వాత అవసరమైతే మళ్లవలసిన ప్రత్యామ్నాయ విమానాశ్రయాలు, చివరకు దారి పొడుగునా వచ్చే మండలాలు. ప్రతిచోటా రన్‌వే మూసివేతలు ముందు, దిగడానికి తోడ్పడే పరికరాలు తర్వాత, మిగతావి ఆ తర్వాత. ఒక ఉదాహరణ చెప్పుకుందాం. చలికాలం తెల్లవారుజామున గన్నవరంలో పొగమంచు కమ్మడం మామూలే. అటువంటి రోజున దిగడానికి దారి చూపే పరికరం ‘యూ/ఎస్’ అన్న నోటామ్ ఉంటే, వేసవిలో పట్టించుకోనక్కరలేని ఆ వాక్యమే ఆ ఉదయం ప్రయాణాన్ని నిర్ణయిస్తుంది. హైదరాబాదుకు మళ్లడానికి సరిపడా ఇంధనం ఉన్నదా లేదా అన్నది నేల మీద ఉండగానే తేల్చుకోవాలి.

తెలిసి కూడా జరిగిన ఘోరం

చదివితే చాలునా అంటే, చాలదని తైపే చెబుతున్నది. 2000 అక్టోబరు 31 రాత్రి, తుపాను వానలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎస్‌క్యూ 006 విమానం లాస్ ఏంజెలిస్‌కు బయలుదేరింది. పక్కపక్కన ఉన్న రెండు రన్‌వేలలో కుడిదానిపై మరమ్మతు పనులు జరుగుతున్నవి. నోటామ్ ఉన్నది. పైలట్లకు ఆ సంగతి తెలుసు. అయినా వానలో, చీకటిలో తాము ఎడమ రన్‌వే మీదనే ఉన్నామనుకొని కుడిదాని మీద పరుగు తీశారు. పనుల కోసం పెట్టిన యంత్రాలను ఢీకొట్టి విమానం ముక్కలయింది. 179 మందిలో 83 మంది చనిపోయారు.

కాగితం మీద చదివిన మాట కళ్లముందున్న దారిలో కలిసినప్పుడే చదువు పూర్తయినట్టు. అందుకే ఇద్దరు పైలట్లూ నోటామ్‌లోని ముఖ్యమైన సంగతులను ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. ‘‘కుడి రన్‌వే మూసి ఉన్నది, మనం ఈ మలుపు దాటి తర్వాతి మలుపు తిరగాలి’’ అన్నంత విడమరచి అనుకోవడమే మేలు.

చాటింపు ఆగితే?

2023 జనవరి 11న అమెరికాలో నోటామ్‌ల కంప్యూటర్ వ్యవస్థ ఆగిపోయింది. నిర్వహణ పనిలో ఉన్న సిబ్బంది పొరపాటున కొన్ని ఫైళ్లు చెరిపివేయడమే కారణమని తర్వాత తేలింది. వాతావరణం బాగానే ఉన్నది, విమానాలూ బాగానే ఉన్నవి. ఐనా దేశమంతటా విమానాలు బయలుదేరకుండా నిలిపివేశారు. ఆ రోజు 10 వేలకు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. చాటింపు వినకుండా బయలుదేరడం కన్నా కదలకుండా ఉండటమే మేలని అధికారులు భావించారు. ఈ పొట్టి వాక్యాల విలువ ఎంతటిదో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

మనం తెలుసుకోవలసినది

ప్రయాణికుడు నోటామ్ చదవనక్కరలేదు. కాని ఎండ కాస్తున్న వేళ విమానం ఎందుకు ఆగిందని సిబ్బందిపై విరుచుకుపడే ముందు, తనకు కనిపించని చాటింపు ఏదో ఉండవచ్చునని తలచుకుంటే మంచిది. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజున తీరం వెంట, సముద్రం మీదుగా పోయే ప్రయాణాలకు కాస్త అటూ ఇటూ తప్పకపోవచ్చు.

పైలట్ కావాలనుకునే విద్యార్థులు మాత్రం ఇప్పటి నుంచే మూడు అలవాట్లు చేసుకోవచ్చు. గడియారంలో ఎన్ని గంటలయినా మనసులో ఐదున్నర తీసివేసి సార్వత్రిక వేళ చెప్పగలగడం ఒకటి. అక్షాంశ రేఖాంశాలు ఇస్తే పటం మీద వేలు పెట్టగలగడం రెండు. పొడవాటి కాగితంలో తనకు తగిలే వాక్యం ఏదో విడదీయగలగడం మూడు. ఇందుకు గొప్ప పరికరాలేవీ అక్కరలేదు. ఒక పటం, ఒక గడియారం, కొంచెం ఓపిక ఉంటే చాలు.

రాకెట్టు ఎగిరే రోజున సూళ్లూరుపేటలో మేడల మీదికెక్కి తూర్పు దిక్కుకు చూడటం మనకు అలవాటే. ఈసారి చూసేటప్పుడు ఆ మంట చుట్టూ ఖాళీగా ఉన్న ఆకాశాన్ని కూడా ఒకసారి చూడండి. అది ఊరికే ఖాళీ కాలేదు. ఎవరో రాస్తే, ఎందరో శ్రద్ధగా చదివితే ఖాళీ అయింది.